బస్తాలో బొగ్గెంత? బత్తాయి తోటలో బయోచార్ కంపోస్ట్ వాడి చూసిన లెక్క

2022 జూన్‌లో, తొలకరికి ముందు, మా బత్తాయి తోట కోసం పది బస్తాల బయోచార్ కంపోస్ట్, అంటే బొగ్గు కలిపిన కంపోస్ట్, తెప్పించాను. బస్తా 40 కిలోలు, ధర రవాణాతో కలిపి 720 రూపాయలు. బస్తా మీద పచ్చని చెట్టు బొమ్మ, దాని కింద "నేలకు ప్రాణం, దిగుబడి రెట్టింపు" అనే మాట, వెనకవైపు చెట్టుకు ఏడాదికి 10 కిలోలు వేయాలన్న సూచన ఉన్నాయి. వేసిన నెలకే అభిప్రాయం రాయమని కంపెనీ ప్రతినిధి రెండుసార్లు ఫోన్ చేశారు. పండ్ల తోటలో ఒక్క ఏడాది ఫలితం చూసి అది ఎరువు గొప్పతనమో, వాన కలిసి రావడమో తేల్చలేం కాబట్టి మూడు వానాకాలాలు, రెండు కాపులు చూసేదాకా ఆగాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా బస్తాలు ఇప్పుడు చాలా పేర్లతో వస్తున్నాయి కాబట్టి, ఏది కొన్నా ఎలా పరీక్షించుకోవాలో తెలిస్తే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మా తోట నల్గొండ జిల్లాలో ఉంది. రంగపురం నిమ్మ మీద అంటుకట్టిన సాత్‌గుడి రకం బత్తాయి చెట్లు, వయసు తొమ్మిదేళ్లు, ఎడం ఆరు మీటర్లు, ఎకరాకు సుమారు 110 చెట్లు. నేల ఎర్ర చెలక. తూర్పు కొసన మాత్రం దుబ్బ, అంటే ఇసుక నేల, ఉంది, అక్కడ నీళ్లు పెట్టిన రెండో రోజుకే పాదు పొడిబారుతుంది. పడమటి మూలలో అడుగున్నర తవ్వితే సుద్ద తగులుతుంది. మట్టి పరీక్షలో పీహెచ్ 7.9 వచ్చింది (ఏడు దాటితే క్షారం, తగ్గితే పులుపు), సేంద్రియ కర్బనం 0.4 శాతం దగ్గర ఉంది. అర శాతానికి తక్కువైతే పరీక్ష కార్డులో "తక్కువ" అని రాస్తారు, మాకూ అదే రాశారు. మా నాయన కాలంలో ఏటా పది పన్నెండు ట్రాక్టర్ల పెంట తోలేవారు. ఇప్పుడు ఊళ్లో పశువులు లేవు, పెంట కొనాలంటే దొరకదు, దొరికినా సగం మన్నే ఉంటుంది. బస్తా ఎరువు వైపు నా చూపు మళ్లడానికి ఇదే కారణం, చాలామంది తోటల రైతులకూ ఇదే కారణమై ఉంటుంది.

పది బస్తాల్లో నాలుగింటి అడుగున నీరు కారుతోంది. దించిన కూలీ మనిషి భుజం మీది తువ్వాల పిండుకుంటూ, "ఇది ఎరువు కాదు సారూ, బురద" అన్నాడు. మిగిలిన ఆరింటిలో ఒకటి విప్పి, కిలో తూచి, తాటిపత్రి మీద పలుచగా పరిచి మూడు రోజులు ఎండబెట్టి మళ్లీ తూచాను. 610 గ్రాములు మిగిలింది. అంటే కిలోకు 390 గ్రాములు నీళ్లు. పోల్చి చూడటానికి ఒక ప్రమాణం చెప్తాను. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీకంపోస్ట్‌లో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, సేంద్రియ కర్బనం కనీసం 18 శాతం, నత్రజని కనీసం 1 శాతం ఉండాలి. నేను కొన్నది వర్మీకంపోస్ట్ పేరుతో అమ్మింది కాదు కాబట్టి ఆ నిబంధన దానికి వర్తిస్తుందని వాదించను. కానీ తూకం లెక్కన డబ్బు తీసుకునేటప్పుడు తేమ ఎంతో బస్తా మీద రాయకపోవడం సరైన పద్ధతి కాదు.

ఎండిన పొడిని గుప్పెడు తీసి బకెట్ నీళ్లలో వేస్తే లోపల ఏముందో చాలావరకు తెలిసిపోతుంది. బొగ్గు ముక్కలు కాసేపు పైన తేలతాయి, ఇసుక వెంటనే అడుక్కి పోతుంది, మాగని చెత్త మధ్యలో తిరుగుతుంది. మా బస్తాలో ఇసుక ఉంది కానీ మోసం అనేంత లేదు. తేలిన బొగ్గును వేళ్ల మధ్య నలిపి చూశాను. బాగా కాలిన బొగ్గు మెత్తగా పొడై, చేతికంటిన నలుపు సబ్బు లేకుండా నీళ్లతోనే పోతుంది. సరిగా కాలనిదైతే తారు మిగిలి వేళ్లకు జిడ్డుగా అంటుకుంటుంది, పొగ వాసన వేస్తుంది. ఈ పరీక్షలో మాత్రం బస్తా నెగ్గింది. బొగ్గు నాణ్యమైనది, గింజలుగా ఉంది, ముక్కలు కందిగింజ కన్నా పెద్దవి లేవు. తడిపిన గుడ్డలో కొంత, ఈ ఎరువు కలిపిన మట్టిలో కొంత పెసలు మొలకెత్తించి చూస్తే రెంటిలోనూ ఒకేలా మొలిచాయి. కాబట్టి కంపోస్ట్ కూడా మాగినదే అనుకున్నాను. వాసన అడవి మట్టి వాసనే, పుల్లటి కంపు లేదు.

ఇక్కడిదాకా వస్తువు మంచిదే. నా ఫిర్యాదు అందులో ఉన్నదాని గురించి కాదు, ఉన్నది ఎంత అన్నదాని గురించి.

దానికి ముందు బయోచార్ చేసే పని ఏమిటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు దీన్ని ఎరువులా చెప్తున్నారు. కట్టె, కంప, ఊక వంటివాటిని గాలి సరిగా అందకుండా కాలిస్తే మిగిలే బొగ్గే బయోచార్. దానిలో సన్నని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. అవి నీటిని, అమ్మోనియా రూపంలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి, సూక్ష్మజీవులకు చోటిస్తాయి. మామూలు పెంట మన ఎండలకు రెండు మూడేళ్లలో కరిగిపోతే, ఈ బొగ్గు వందల ఏళ్లు నేలలో ఉండిపోతుంది. అమెజాన్ అడవుల్లో అక్కడి పూర్వీకులు వదిలిన నల్లమట్టి దిబ్బల్లో కుండపెంకులు, ఎముకలతో పాటు కలిసిన బొగ్గు ఇప్పటికీ కనిపించడమే అందుకు సాక్ష్యం. కానీ బొగ్గులో చెట్టుకు తిండి దాదాపు లేదు. కొద్దిపాటి పొటాష్, సున్నం బూడిద రూపంలో ఉంటాయి. మిగతాదంతా ఖాళీ గది లాంటిదే, సామాను మనమే నింపాలి. ఆ సామానే కంపోస్ట్.

దిగుబడి రెట్టింపన్న మాట సంగతి చూద్దాం. ప్రపంచమంతటా జరిగిన ప్రయోగాలను కలిపి చూసి 2017లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం ఉష్ణమండల నేలల్లో బయోచార్ వల్ల సగటున 25 శాతం దాకా దిగుబడి పెరిగింది, చల్లని దేశాల్లో మాత్రం పెరుగుదల కనిపించలేదు. ఉష్ణమండలం అనగానే మనకు సంబరం కలుగుతుంది గానీ, ఆ మేలులో పెద్ద భాగం పుల్లటి, సారం లేని నేలలకు బొగ్గు సున్నంలా పనిచేయడం వల్ల వచ్చింది. బయోచార్ సాధారణంగా క్షార గుణం కలది. మా నేల ముందే 7.9 దగ్గర ఉంది. ఇలాంటి నేలలో ఆ వైపు లాభం ఆశించకూడదు సరికదా, సుద్ద ఉన్న చోట ఇనుము, జింకు అందక ఆకులు పసుపెక్కే జబ్బు ఇంకా ముదరవచ్చు. పీహెచ్ కాగితంతో చూస్తే బస్తా ఎరువు కలిపిన నీరు 8.5 దగ్గర చూపింది. అందుకే పడమటి మూల చెట్లకు దీన్ని అసలు వేయలేదు. ఈ హెచ్చరిక బస్తా మీద ఎక్కడా లేదు. శ్రీకాకుళం కొండవాలు జీడిమామిడి తోటకూ, మా నల్గొండ చెలకకూ ఒకే మోతాదు రాసి అమ్మడంలో ఉన్న చిక్కు ఇదే.

ఇప్పుడు లెక్క. బస్తా మీద బయోచార్ 30 శాతం అని ఉంది. 40 కిలోల్లో నీళ్లు పోగా మిగిలేది సుమారు 24 కిలోలు, అందులో 30 శాతం అంటే బస్తాకు ఏడు కిలోల పైచిలుకు బొగ్గు. చెట్టుకు 10 కిలోల ఎరువు వేస్తే అందులో బొగ్గు రెండు కిలోలకు కూడా తక్కువే. ఎకరాకు 110 చెట్లకు 27 బస్తాల పైన కావాలి, ఖర్చు దాదాపు 19,800 రూపాయలు, నేలకు చేరే బొగ్గు సుమారు 200 కిలోలు. హెక్టారుకు అర టన్ను అన్నమాట. పరిశోధన క్షేత్రాల్లో బొగ్గు ప్రభావం చూడటానికి మామూలుగా హెక్టారుకు 5, 10, 20 టన్నుల మోతాదులు వేసి చూస్తారు. మనం తోట మొత్తానికి చల్లం, పాదుకే వేస్తాం కదా అని ఎవరైనా అడగవచ్చు, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒకటిన్నర మీటర్ల వ్యాసార్ధం గల పాదు వైశాల్యం ఏడు చదరపు మీటర్లు. అంతవరకే లెక్క కట్టినా హెక్టారుకు సుమారు రెండున్నర టన్నుల మోతాదే అవుతుంది. కాబట్టి ఈ బస్తా వల్ల చెట్టుకు ఏదైనా మేలు జరిగితే అది ప్రధానంగా అందులోని కంపోస్ట్ చేసిన మేలు. బొగ్గు పేరు మీద మనం కంపోస్ట్‌కు రెండింతల ధర చెల్లిస్తున్నాం.

ఈ మాట కాగితం మీద లెక్కగానే వదిలేయకుండా పొలంలోనూ చూశాను. పక్కపక్కన ఉన్న వరుసల్లో పదేసి చెట్లు తీసుకున్నాను. ప్రతి వరుసా చెలకలో మొదలై తూర్పున దుబ్బలో ముగుస్తుంది. మొదటి వరుసకు ఎప్పటిలా రసాయన ఎరువులు మాత్రమే ఇచ్చాను. రెండో వరుసకు వాటితో పాటు మామూలు కంపోస్ట్ చెట్టుకు 10 కిలోలు, మూడో వరుసకు బస్తా ఎరువు 10 కిలోలు ఇచ్చాను. నాలుగో వరుసకు 2023 జూన్‌లో సొంతంగా కాల్చి కంపోస్ట్‌లో మాగబెట్టిన బొగ్గు 10 కిలోలు, కంపోస్ట్ 10 కిలోలు కలిపి ఒక్కసారే వేశాను. నీళ్లు, మందులు, సూక్ష్మపోషకాల పిచికారీ అన్నింటికీ ఒకటే.

వేసే పద్ధతి గురించి ఒక మాట. బత్తాయి తిండి వేర్లు పైపైనే, అడుగు అడుగున్నర లోతులోనే ఉంటాయి. మామిడికి తవ్వినట్టు లోతుగా కందకం తవ్వితే వేర్లు తెగుతాయి, తెగిన వేరు నుంచే ఎండు తెగులు లోపలికి పోతుంది. అందుకే మొదలుకు దూరంగా, కొమ్మల నీడ అంచున, డబుల్ రింగు పాదులో (మొదలు తడవకుండా దాని చుట్టూ ఒక గట్టు, దూరంగా ఇంకో గట్టు వేసిన పాదు) బయటి రింగు లోపల నాలుగు వేళ్ల లోతు మట్టిని పారతో పైకి లాగి, ఎరువు పరిచి, మళ్లీ కప్పేశాం. పొడి బొగ్గైతే గాలికి లేచి ముక్కుల్లోకి పోతుంది, తడిపి వేయాలి, ముఖానికి గుడ్డ కట్టుకోవాలి. ఈ విషయంలో తడి బస్తా కూలీలకు సుఖంగానే ఉందని ఒప్పుకోవాలి.

2023 కాపులో పది చెట్లకు మొదటి వరుసలో 24 క్రేట్లు, కంపోస్ట్ వరుసలో 27, బస్తా ఎరువు వరుసలో 26 దిగాయి. ఆ ఏడు ఆగస్టు ఎండిపోయింది, ఆ తర్వాత కూడా సరిగా పడలేదు, 2024 వేసవికి బోర్లు అడుగంటాయి. వారానికి రెండు తడులిచ్చే చోట ఒక్కటే ఇవ్వగలిగాం. ఆ కాపులో మొదటి వరుసకు 21, కంపోస్ట్‌కు 26, బస్తా ఎరువుకు 27, సొంత బొగ్గు వరుసకు 26 వచ్చాయి. ఒకటి రెండు క్రేట్ల తేడా చెట్టు చెట్టుకూ ఉండేదే, పది చెట్ల లెక్కతో దాన్ని పట్టుకుని వాదించడం అనవసరం. పట్టుకోవలసిన తేడా మొదటి వరుసకూ మిగతా మూడింటికీ మధ్య ఉన్నది. కంపోస్ట్ పడిన చోటల్లా కాపు నిలబడింది. అందులో బొగ్గు ఉందా లేదా అన్నది క్రేట్ల లెక్కలో తేలలేదు.

క్రేట్లలో తేలని ఒక సంగతి దుబ్బ కొసన కంటికి కనిపించింది. 2024 ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు తోటలో తిరిగితే, మొదటి మూడు వరుసల చివరి చెట్లు, అంటే దుబ్బలో ఉన్న మూడేసి చెట్లు, ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఉండేవి. సొంత బొగ్గు పది కిలోలు పడిన నాలుగో వరుస చివరి మూడు చెట్లు మాత్రం తడి పెట్టిన నాలుగో రోజు కూడా ఆకు విప్పుకునే ఉన్నాయి. మొదలు దగ్గర కాకుండా రింగులో మట్టి గీకి చూస్తే, పక్క వరుసలో పిండిలా జారిపోయే దుబ్బ ఇక్కడ పిడికిట్లో పట్టితే ఉండకట్టింది. వాటి కింద పిందె రాలడం కూడా తక్కువే ఉంది. చెలకలోని చెట్ల మధ్య ఇలాంటి తేడా ఏదీ నాకు కనిపించలేదు. మూడు చెట్ల సాక్ష్యం చిన్నదే. అయినా ఇసుక నేలలో నీటిని పట్టడమే బొగ్గు చేసే పెద్ద పని అన్న మాటకు అది సరిగ్గా సరిపోయింది, అందుకు తగినంత బొగ్గు పడితేనే జరుగుతుందన్న నా లెక్కకు కూడా.

ఇందులో నా తప్పు ఒకటుంది. 2023 మొదట్లో తొలిసారి కాల్చిన బొగ్గును ఆత్రం కొద్దీ మాగబెట్టకుండా రెండు చెట్లకు నేరుగా వేసేశాను. నెలన్నరలో ఆ రెండు చెట్ల కొత్త చిగుళ్లు వెలవెలబోయి లేత పసుపు తిరిగాయి. ఖాళీ బొగ్గు తన కడుపు నింపుకోవడానికి నేలలోని నత్రజనినే ముందు పట్టేసుకుంటుంది. యూరియా, పేడనీళ్లు పోసి దారికి తెచ్చాను గానీ, ఆ విడత పూత ఆ చెట్లకు పలుచనైంది. బస్తా ఎరువులో ఈ ప్రమాదం లేదు, బొగ్గు ముందే కంపోస్ట్‌లో మాగి వస్తుంది. ఆ సౌకర్యానికి కొంత విలువ కట్టవలసిందే.

సొంతంగా కాల్చడం రెండు విధాలుగా చేసి చూశాను. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, మనం క్రీడా అని పిలుచుకునేది, 200 లీటర్ల ఇనుప డ్రమ్ముతో పత్తికట్టె, కందికట్టె కాల్చే బట్టీని రూపొందించింది. ఆ తరహాలోనే వెల్డింగ్ షాపులో డ్రమ్ము అడుగున బెజ్జాలు కొట్టించి, మూత చేయించాను. కట్టె నింపి, అంటించి, పొగ పలుచబడగానే మూత పెట్టి సందుల్లో మట్టి మెత్తి చల్లారనివ్వాలి. బొగ్గు చక్కగా వస్తుంది, కానీ ఒక దఫాకు ఏడెనిమిది కిలోలే. నాలుగు కుండీల మొక్కలకు సరే, పండ్ల తోటకు ఓపిక చాలదు.

గుంత పద్ధతే మాకు కుదిరింది. నాలుగడుగుల మూతి, మూడడుగుల లోతు ఉండి కిందికి సన్నబడే గుంత తవ్వాం. అడుగున మంట వేసి, అది బాగా లేచాక పత్తికట్టె ఒక పొర వేశాం. ఆ పొర మీద బూడిద తెల్లగా కనబడటం మొదలవగానే మరో పొర వేశాం. పైన మంట ఆడుతున్నంతసేపు కింది పొరకు గాలి అందదు కాబట్టి అది బూడిద కాకుండా బొగ్గవుతుంది, పొగ కూడా ఆ మంటలోనే కాలిపోతుంది. దట్టంగా తెల్లపొగ వస్తోందంటే కట్టె పచ్చిగా ఉందనో, తొందరపడి ఎక్కువ వేశామనో అర్థం. గుంత నిండాక పేడనీళ్లతో పూర్తిగా ఆర్పాం. నిప్పు లోపల దాగి ఉండే గుణం దానికి ఉంది. ఒకసారి ఆరిందనుకుని వదిలి వెళ్తే తెల్లవారేసరికి సగం గుంత బూడిదైంది. దఫాకు యాభై కిలోల వరకు ఎండు బొగ్గు వచ్చింది, అంటే ఎండు కట్టె బరువులో సుమారు నాలుగో వంతు. ఇద్దరు మనుషులకు ఒక పూట పని. ఎండిన బత్తాయి కొమ్మలు, సర్కారు తుమ్మ కంప, పక్క చేన్లలో ఎలాగూ తగలబెట్టే పత్తికట్టె, అన్నీ పనికొచ్చాయి. బంక తెగులు వచ్చిన కొమ్మలను కూడా ఇందులోనే కాల్చేశాను, వాటిలోని రోగం వాటితోనే కాలిపోయింది. మిల్లుల దగ్గర దొరికే నల్ల ఊకను మాత్రం చూసి తీసుకోవాలి. సగం బూడిదగా ఉన్న ఊక క్షారం ఎక్కువ, కర్బనం తక్కువ.

మాగబెట్టడం కష్టమేమీ కాదు. పేడ, ఎండుటాకు, పచ్చి గడ్డి కలిపి కుప్ప వేసేటప్పుడే పది తట్టలకు ఒకటి రెండు తట్టల లెక్కన చితక్కొట్టిన బొగ్గు కలిపి, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ ఉంచి, పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలలకు సిద్ధమవుతుంది. బొగ్గు కలిసిన కుప్ప దగ్గర అమ్మోనియా ఘాటు తక్కువగా ఉంటుంది, గాలికి పోయే నత్రజనిని అది పట్టేస్తోందన్నమాట. మాకు కుప్ప వేడెక్కడం కూడా చురుగ్గానే జరిగింది, మధ్యలో గుచ్చిన ఇనుప చువ్వ తీస్తే చేతితో పట్టుకోలేనంత కాలేది. జీవామృతంలో (పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం) నానబెట్టడం కూడా చేస్తారు, అది త్వరగా అయ్యే దారి, కానీ కుప్పలో మాగిన దానికే నా ఓటు.

మళ్లీ బస్తా దగ్గరికి వద్దాం. సేవ విషయంలో ఆ కంపెనీకి సగం మార్కులిస్తాను. కారుతున్న నాలుగు బస్తాల ఫోటోలు పంపితే వారంలో బదులు బస్తాలు, రవాణా అడగకుండా, పంపారు. అది మంచి పని. ఈ లాటు పరీక్ష నివేదిక పంపమంటే మాత్రం ఏడాది వెనకటి వేరే లాటు కాగితం ఫోటో తీసి పంపారు, దాని మీద తేమ గడి ఖాళీగా ఉంది. మూడోసారి అడిగాక ఫోన్ ఎత్తడం మానేశారు. పొలానికి వచ్చిన ప్రతినిధి మర్యాదస్తుడే. కానీ "మూడేళ్లు ఇది వేస్తే ఇక ఏ ఎరువూ అక్కర్లేదన్నా" అని చెప్పి వెళ్లాడు. బత్తాయిలాంటి పంటకు ఏటా కాయతో పాటు తోట దాటిపోయే నత్రజని, పొటాష్ బస్తాలోని ఒక శాతం నత్రజనితో భర్తీ కావు. ఆ మాట నమ్మి ఎరువులు మానేసిన రైతుకు రెండో ఏడే కాయ సైజు తగ్గుతుంది, అప్పుడు మార్కెట్‌లో తరుగు పేరుతో పోయేది ఎంతో మనకు తెలియనిది కాదు.

మోతాదు సూచన గురించి కూడా చెప్పాలి. ఏటా వేయమని రాశారు. కంపోస్ట్ ఏటా వేయాలన్నది నిజమే, అది కరిగిపోతుంది కాబట్టి. బొగ్గు కరగదు, సరిపడా ఒకసారి పడితే మళ్లీ మళ్లీ కొనక్కర్లేదు. రెంటినీ ఒకే బస్తాలో కలిపి అమ్మితే ఒకసారి కొనవలసింది ఏటా కొంటాం. ఇంకొకటి, ఏడాది తర్వాత మట్టి పరీక్ష చేయించి సేంద్రియ కర్బనం పెరగలేదేమని నిరాశపడేవారు ఉంటారు. మన ప్రయోగశాలల్లో సాధారణంగా చేసే పద్ధతి బొగ్గు రూపంలోని కర్బనాన్ని కొంతమేరకే లెక్కలోకి తీసుకుంటుంది. కార్డులో అంకె కదలకపోతే బొగ్గు పోయిందనుకోనక్కర్లేదు. అలాగే పాదులో బొగ్గు ఎక్కువగా ఉన్న చోట నేలకు వేసే కలుపు మందు, పురుగు మందు పనితనం తగ్గవచ్చు, ఎందుకంటే బొగ్గు వాటినీ పట్టేసుకుంటుంది.

ఇదంతా విన్న మా పక్క తోట రైతు, "అయితే కొనాలా వద్దా, ఒక్క మాటలో చెప్పు" అన్నాడు. ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు గానీ, అతనికి చెప్పిందే ఇక్కడా చెప్తాను. చెలక నేలలో కాపుకొచ్చిన తోటకు ఈ బస్తా కొనవద్దు, అదే డబ్బుతో నికార్సైన కంపోస్ట్ కొంటే రెట్టింపు వస్తుంది. సుద్ద నేల అయితే అసలు వద్దు. దుబ్బ నేల ఉన్నవారికి బొగ్గు అవసరం ఉంది, కానీ బస్తాలో ఉన్నంత బొగ్గు సరిపోదు, గుంతలో కాల్చుకోవాలి. చెట్టుకు 10 కిలోల చొప్పున ఎకరాకు పదకొండు వందల కిలోలు, అంటే ఇరవై రెండు దఫాలు గుంతలో కాల్చాలి. ఒక్క ఏట అయ్యేది కాదు, దుబ్బ ఉన్న భాగం మొదలుపెట్టి రెండు మూడు వేసవులకు పంచుకోవాలి. మనుషులు దొరకనివారు, పట్నంలో ఉంటూ ఆదివారం తోటకు వచ్చేవారు బస్తా కొంటే తప్పు పట్టను, కానీ తూచి, ఎండబెట్టి, మళ్లీ తూచి, ఎండు బరువు మీద ధర కట్టుకోవాలి. నా లెక్కలో 18 రూపాయల కిలో అలా చూస్తే ఇరవై తొమ్మిదిన్నర రూపాయలైంది.

బస్తా ఎరువు నిజంగా మెరిసింది ఒక్కచోటే, ఎండిపోయిన చెట్ల స్థానంలో నాటిన అంట్ల గుంతల్లో. 2022లో పన్నెండు అంట్లకు గుంతకు ఐదేసి కిలోలు పైమట్టిలో కలిపి నాటాను, పన్నెండూ బతికాయి. మాగిన ఎరువు కావడంతో లేత వేరుకు వేడి తగల్లేదు, చెద కూడా పట్టలేదు. గుంతకు తొంభై రూపాయల ఖర్చు, ఆ పనికి అది ఎక్కువనిపించలేదు. ఈ ఏడు జూన్‌లో మరో తొమ్మిది గుంతలు నింపాలి, వాటికోసం రెండు బస్తాలు చెప్పాను. లారీ వాడికి ముందే చెప్పి ఉంచాను, అడుగు తడిగా ఉన్న బస్తా దించవద్దని.